అడ్డం పెట్టిన చెయ్యి

ఆ రాత్రి హోటల్లో నాయన చెయ్యి అడ్డం పెట్టిన తీరు నెల దాటినా నన్ను వదలడం లేదు. తెచ్చిన ప్లేటు ఖాళీ అయింది. నల్ల కోటు వేసుకున్న కుర్రవాడొకడు చప్పుడు లేకుండా వెనకనుంచి వచ్చి నాయన కుడి భుజం పక్కన వంగాడు. నాయన తల కూడా ఎత్తలేదు. అరచేతిని బోర్లించి, వేళ్ళు కాస్త ఎడంగా చాచి, ప్లేటు మీద అడ్డం పెట్టి, "చాలప్పా, చాలు. ఇంగ వద్దు" అన్నాడు. ఆ పిల్లవాడు ఆగిపోయాడు. అతను వడ్డించడానికి రాలేదు. చేతిలో గిన్నె లేదు, గరిటె లేదు. ఖాళీ ప్లేటు తీసుకుపోవడానికి వచ్చాడు. పెద్దాయన తినడం ఇంకా పూర్తి కాలేదేమో అనుకుని, ఇంగ్లీషులో క్షమాపణ చెప్పి, వచ్చినంత మెత్తగా వెనక్కి వెళ్ళిపోయాడు. నాయన చెయ్యి మాత్రం ఆ ఖాళీ ప్లేటు మీద ఇంకాసేపు అలాగే ఉండిపోయింది. వద్దనడానికి ఎదురుగా ఎవరూ లేరని తెలిశాక, ఆ చేతిని మెల్లగా ఒళ్ళోకి తీసుకున్నాడు.

డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. బంతి భోజనాల్లో, పెళ్ళిళ్ళలో, చుట్టాల ఇళ్ళలో ఆ చెయ్యి ఎన్ని వందలసార్లు అలా అడ్డం పడి ఉంటుందో! అన్నిసార్లూ దాన్ని ఎవరో ఒకరు కాదన్నారు. "ఇంత మాత్రానికేనా, చెయ్యి తియ్యి" అంటూ వేళ్ళ సందుల్లోంచే పప్పు జారవిడిచారు. ఓళిగ మీద నెయ్యి పోస్తూ పోస్తూ వేళ్ళ మీద కూడా పోశారు. అసలు అది వద్దనే చెయ్యేనా? చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, ఆ అడ్డం పెట్టడంలో ఎప్పుడూ కొంచెం సందు ఉంటుంది. పూర్తిగా మూసేసిన చెయ్యి కాదది. తినేవాడు వద్దనాలి, పెట్టేవాడు వినకూడదు, చివరికి ఒక గరిటెడు ఎక్కువే పడాలి. ఇద్దరికీ తెలిసిన మాటే ఇది. ఎవరూ నేర్పింది కాదు. మా అనంతపురం పల్లెల్లో అయితే ఒక్కసారే వడ్డించి ఊరుకున్న ఇంటిని ఏళ్ళ తరబడి గుర్తు పెట్టుకుంటారు. మారు వడ్డించకపోవడమంటే పొమ్మనడమే.

నాయనను ఆ హోటలుకు తీసుకుపోయింది నేను కాదు. ఆయన శిష్యుడు. ధర్మవరం దగ్గరి మా పల్లె బళ్ళో నాయన లెక్కలు చెప్పే రోజుల్లో, ముప్పై ఏళ్ళ కిందట, పదో తరగతి చదివిన పిల్లవాడు. ఇప్పుడు హైదరాబాదులో ఒక పెద్ద కంపెనీలో పెద్ద ఉద్యోగం. కంటి ఆపరేషన్ కోసం సారు కూతురింటికి వచ్చారని ఎవరో చెబితే నంబరు పట్టుకుని ఫోన్ చేశాడు. "సార్, నాతో ఒక్క పూట భోంచేయాలి మీరు" అన్నాడు. కారు పంపాడు. వద్దన్నా వినలేదు. మేం వెళ్ళేసరికి గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. అంత ఎత్తు మనిషి వంగి నాయన కాళ్ళకు దండం పెడుతుంటే తలుపు తెరిచి పట్టుకున్న మనిషి కూడా పక్కకు తప్పుకుని నిలబడ్డాడు.

లోపల వెలుతురు తక్కువ. ఆపరేషన్ అయిన కంటికి ఆ మసకలో మెనూ కార్డు మీద అక్షరాలు ఆనలేదు. నేనే చదివి వినిపించాను. ఒక్కో వంటకం కింద ఇంగ్లీషులో రెండేసి వాక్యాలు. ఈ పచ్చడి ఏ ఊరిది, ఈ కారం ఏ అమ్మమ్మ నూరింది, ఈ నూనె ఏ గానుగలో ఆడింది అని. అలా చదువుకుంటూ పోతుంటే రాగి సంగటి, నాటుకోడి పులుసు అనే మాట వచ్చింది. ఎదురుగా 1,195 అని అంకె. ధర నేను చదవలేదు. సంగటి అనే మాట వినగానే నాయన ముఖం ఇటు తిప్పాడు. "సంగటా? ఈడా?" అన్నాడు. శిష్యుడు నవ్వి, "అందుకే ఈ హోటలుకు తీసుకొచ్చినా సార్" అన్నాడు.

వచ్చింది సంగటి. కంచు గిన్నెలో, చిన్న అరిటాకు ముక్క మీద, నిమ్మకాయంత. దాని నెత్తిన బొట్టులాగా నెయ్యి. నిజం చెప్పాలంటే చాలా బాగుంది, మెత్తగా, ఎక్కడా ఉండ కట్టకుండా. వండినవాళ్ళకు పని తెలుసు. కానీ నా కళ్ళ ముందు మా అవ్వ సంగటి కెలకడమే కనిపించింది. ఎసట్లో నూకలు ఉడికి మెత్తబడ్డాక రాగిపిండి కుప్పగా పోసి, నడుమ కట్టెతో ఒక బొక్క పొడిచి, సన్నటి సెగ మీద మగ్గనిచ్చేది. ఆ పైన కుండ దించి, పాదాల మధ్య అదిమిపట్టి, రెండు చేతులా కట్టె పట్టుకుని కెలికేది. ఆ కట్టె తిరుగుతున్నప్పుడు ఆమె ముంజేతి నరాలు తాళ్ళలాగా లేచేవి. తడి చేత్తో ముద్ద చేసి తట్టలో వేస్తే దోసిలి నిండేంత ఉండేది. నడుమ గుంట చేసి పులుసు పోసుకోవాలి. సంగటిని నమలరు, పులుసులో దొర్లించి మింగుతారు. గొంతులోంచి దిగుతున్నప్పుడు ఆ వేడి ఎక్కడిదాకా వెళ్ళిందో తెలుస్తుంది.

అనంతపురం జిల్లాలో ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన. వరి బువ్వ పండక్కో పెళ్ళికో. మిగతా రోజులన్నీ సంగటి, జొన్నరొట్టె, కొర్రబువ్వ. నాయన చదువుకునే రోజుల్లో టౌను హాస్టల్లో పిల్లలు "మీ ఇంట్లో ఏం తింటారు?" అని అడిగితే బువ్వ అని అబద్ధం చెప్పేవాడట. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక మా వీధిలో సంగటి కుండలు ఒక్కొక్కటే అటకెక్కాయి. పేదల ఇళ్ళకు తెల్లబువ్వ రావడం చిన్న సంగతి కాదు, దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు కడుపు నిండిన నాకు లేదు. అయితే ఆ దాచుకున్న ముద్దే ఇప్పుడు కంచు గిన్నెలో రావడం చూసి నాయన ఏమనుకున్నాడో! గర్వపడ్డాడా? ఎవరో తన చిన్ననాటి అబద్ధాన్ని బయటపెట్టినట్టు అనిపించిందా? అడగలేదు. "బాగా కెలికినారు" అని మాత్రం అన్నాడు.

నాయన చెంచా పట్టుకుని ఎలా తినాలా అని చూస్తున్నాడు. చుట్టూ ఉన్న బల్లల దగ్గర అందరి చేతుల్లోనూ చెంచాలు, ఫోర్కులు. నా వైపు వంగి, "చేత్తో తినొచ్చునా మా?" అని గుసగుసగా అడిగాడు. నేను జవాబు వెతుక్కుంటున్నాను. ఢిల్లీలో ఐటీసీ మౌర్య హోటల్లో బుఖారా అని నలభై ఏళ్ళు దాటిన రెస్టారెంటు ఉంది, అక్కడ బల్ల మీద ఫోర్కులే పెట్టరు, మెడకు ఏప్రన్ కట్టుకుని ఎంతటివాళ్ళయినా చేత్తోనే తింటారు, అమెరికా అధ్యక్షుడు క్లింటన్ కూడా అక్కడ భోంచేశాడు, ఇదంతా చెప్పి ధైర్యం ఇద్దామనుకున్నాను. ఇంతలో శిష్యుడు తన చెంచాను మడిచిన గుడ్డ కింద పెట్టేసి, ముందుగా తనే సంగటిలో వేళ్ళు పెట్టాడు. నాయన మాట అతనికి వినపడిందో లేదో తెలియదు. మాటేమీ అనలేదు. పెద్దవాళ్ళ ఇబ్బంది కనిపెట్టి, కనిపెట్టినట్టు తెలియనివ్వకుండా తీర్చడం ఎంతమందికి వస్తుంది? బుఖారా కబురు నా నోట్లోనే ఉండిపోయింది. నాయన చొక్కా చెయ్యి మడిచాడు.

ఆ తర్వాత వచ్చిన ప్లేటు దగ్గరే నేను మొదట చెప్పిన సంఘటన జరిగింది. శిష్యుడు కూడా చూశాడు. ఒక్క క్షణం ఏమీ అనలేదు. అప్పుడు ఆ కుర్రవాణ్ణి దగ్గరకు పిలిచి, ఇంకో నాలుగు సంగటి ముద్దలు, పులుసు విడిగా పెద్ద గిన్నెలో, ఒక గరిటె కావాలన్నాడు. గరిటె అన్న మాట ఆ కుర్రవాడికి అర్థం కాలేదు. చేత్తో చూపించి చెప్పాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో, కాసేపటికి అన్నీ వచ్చాయి. శిష్యుడు కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. బల్ల చుట్టూ తిరిగి నాయన పక్కకు వచ్చి నిలబడ్డాడు. గిన్నె ఎడమ చేత్తో ఎత్తి పట్టుకుని గరిటె ముంచాడు. నాయన చెయ్యి మళ్ళీ అడ్డం వచ్చింది. "చాలప్పా, వయసైపోయింది, అరగదు." "సార్, చెయ్యి తీయండి. నా మాట వినండి ఒకసారి." పులుసు కొంచెం నాయన చూపుడు వేలి మీద పడింది. నాయన ఆ వేలు నాకాడు. ఆ ఖరీదైన మసకలో, ఆ సన్నటి సితారు సంగీతంలో, సూటు వేసుకున్న మనిషి గరిటె పట్టుకుని నిలబడడం పక్క బల్లలవాళ్ళు తలలు తిప్పి చూశారు. నల్ల కోటు కుర్రవాడు చేతులు వెనక్కి కట్టుకుని, వాళ్ళిద్దరినీ చూస్తూ ఉండిపోయాడు.

ఇంటికి వచ్చాక నిద్ర పట్టలేదు. అరలోంచి 'క్రీడాభిరామం' తీశాను. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఒక రోజంతా కాకతీయుల ఓరుగల్లు వీధుల్లో తిరిగే కథ. వల్లభరాయుడి పేరు మీద ఉన్నా శ్రీనాథుడిదేనని అనేవాళ్ళూ ఉన్నారు. అందులో లక్ష్మణవజ్ఝల అనే ఆయన ఇంట పూటకూళ్ళ భోజనం ప్రసక్తి వస్తుంది. కర్పూరభోగి బియ్యపు అన్నం, గోధుమపిండివంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. ఇదంతా ఒక్క రూకకు. ఆ రోజుల్లో అది పెద్ద భోజనమే అయి ఉండాలి, కవి అంత ఇష్టంగా చెప్పాడంటే. ఇన్నాళ్ళూ ఆ జాబితా చూసి నోరూరడమే తెలుసు. ఆ రాత్రి వేరే సంగతి కంటపడింది. రూక భోజనానికి. ముద్దకు కాదు. ఒకసారి విస్తరి ముందు కూర్చున్నాక లెక్క అయిపోయింది, ఆపైన ఆకలిదే మాట. మన మెస్సుల్లో ఫుల్ మీల్స్ అనే మాట, కాకినాడ సుబ్బయ్య గారి హోటల్లాంటి చోట్ల కొసరి కొసరి వడ్డించడం, అన్నీ ఆ రూక వారసత్వమేననిపించింది.

మరి పూటకూళ్ళంటే చిన్నచూపు ఎప్పుడు మొదలైంది? 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' నాటికి పూటకూళ్ళమ్మ అంటే లోకానికి లోకువ. అన్నం అమ్ముకోవడం తప్పని మనవాళ్ళ మనసుల్లో ఎక్కడో బలంగా ఉంది. నీళ్ళు, అన్నం, చదువు అమ్మకూడనివి అనే మాట మా అవ్వ కూడా అనేది. ఇప్పుడు మూడూ అమ్ముతున్నాం. ఖరీదైన రెస్టారెంటు ఆ సంకోచాన్ని ఎలా దాటిందా అని ఆలోచిస్తే, అది అన్నం అమ్ముతున్నట్టు కనిపించదు మరి. దీపాలు, కంచు గిన్నె, అమ్మమ్మ కథ, కుర్చీ జరిపే చెయ్యి, వీటన్నిటి మధ్యా అన్నం ఒక మూల ఒదిగి ఉంటుంది.

విదేశాల్లో మన వంటను పెద్ద ఎత్తున అమ్మిన మొదటివాళ్ళు కూడా ముందుగా అమ్మింది అన్నాన్ని కాదు. పట్నాలో పుట్టి, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేసి ఇంగ్లండు చేరిన దీన్ మహమ్మద్, 1810లో లండన్ జార్జ్ స్ట్రీట్‌లో హిందుస్తానీ కాఫీ హౌస్ తెరిచాడు. వెదురు కుర్చీలు, హుక్కాలు, మసాలా కూరలు. ఎవరి కోసం? ఇక్కడ నవాబుల్లా బతికి, అక్కడికి తిరిగి వెళ్ళి మామూలు మనుషులైపోయిన కంపెనీ దొరల కోసం. రెండేళ్ళకే దివాలా తీశాడు. 1926లో రీజెంట్ స్ట్రీట్‌లో వీరాస్వామి రెస్టారెంటు పెట్టిన ఎడ్వర్డ్ పామర్, జనరల్ విలియం పామర్‌కూ ఆయన మొగలాయి భార్య ఫైజ్ బక్ష్‌కూ వంశంలో వాడు. ఆ జనరల్ కొడుకొకాయన మన హైదరాబాదులోనే నిజాముకు అప్పులిచ్చిన బ్యాంకు నడిపాడు. వీరాస్వామికి 2016లో మిషెలిన్ స్టార్ కూడా వచ్చింది. పాత ఫోటోల్లో దాని వాకిట తలపాగా చుట్టుకున్న మనిషి తలుపు తీస్తూ కనిపిస్తాడు. వచ్చినవాళ్ళు కూర కోసమే వచ్చారా, ఆ తలుపు కోసం వచ్చారా? బేరర్లు వంగి నిలబడే రోజులు మళ్ళీ ఒక గంటసేపు దొరుకుతాయని వచ్చారేమో. నిలబడడాన్ని, వంగడాన్ని అమ్మడం అక్కడ మొదలైందనుకుంటాను. సర్వీసు అనే మాటకు మన వడ్డన అనే మాట సరిపోనిది అందుకే. సర్వీసుకు ధర కట్టొచ్చు, బిల్లు చివర పది శాతం అని రాయొచ్చు. ఆ చార్జీని జనం అడక్కుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో చెబితే, హోటళ్ళవాళ్ళు కోర్టుకెళ్ళారు. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా కూడదనే అంది. చదివినప్పుడు న్యాయమే అనిపించింది. ఇప్పుడు అనిపిస్తోంది, గరిటె పట్టుకుని బల్ల చుట్టూ తిరిగి రావడాన్ని ఏ శాతంలో వేస్తారు?

ఇక్కడిదాకా రాసి ఆపేసి ఉంటే బాగుండేది. మారు వడ్డన ఎంత గొప్పదో, అది తెలియని ఈ అద్దాల హోటళ్ళు ఎంత ఖాళీవో చెప్పి ముగించేసి ఉండేదాన్ని. కానీ ఆ రాత్రి బయట కారు కోసం నిలబడి ఉన్నప్పుడు జరిగిన మాట ఒకటి ఉంది, దాన్ని దాటలేకపోతున్నాను. నేనే మొదలుపెట్టాను. మాట వరసకు, చనువుగా, "ఇంత ఖర్చెందుకు పెట్టినావు తమ్ముడూ, ఇంటికే పిలిచి ఉంటే మేం రామా?" అన్నాను. అతను నవ్వాడు. ఆ నవ్వులో ఏ కోపమూ లేదు. "ఇంటికి రమ్మంటే సారు మొహమాటపడతారేమో అనుకున్నానక్కా. ఇక్కడైతే ఎవరికీ ఇబ్బంది ఉండదు కదా" అన్నాడు. అంతే. కారు వచ్చింది. నాయన ఆ మాట విన్నాడు. దారి పొడవునా అద్దంలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

అతను మా ఊరి ఎస్సీ కాలనీ పిల్లవాడు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసీ ఆ ప్రశ్న అడిగాను. అడిగినప్పుడు అది నా తలలో లేదు. తలలో లేకపోవడం నాకు మాత్రమే దొరికిన వెసులుబాటు అని అతని జవాబు విన్నాకే తెలిసింది. అతను హోటలు వెతికేటప్పుడు, బల్ల బుక్ చేసేటప్పుడు, సంగటి ఉన్న చోటు ఎంచేటప్పుడు, అన్నిసార్లూ ఆలోచించే ఉంటాడు.

మా అవ్వ మారు వడ్డన గురించి అంత మురిపెంగా రాశానే, ఆ ఇంట్లోనే వెనక వాకిట చూరులో ఒక సత్తు తట్ట చెక్కి ఉండేది. ఒక చెంబు కూడా. జీతానికి ఉన్న మనిషి మధ్యాహ్నం ఆ తట్ట తీసి, తనే కడుక్కుని, వాకిట్లో కానుగ చెట్టు కింద కూర్చునేవాడు. అవ్వ అతనికి తక్కువ పెట్టేది కాదు. సంగటి ముద్ద పెద్దదే వేసేది. కానీ పైనుంచి, చెయ్యి తగలకుండా వేసేది. అతను ఎప్పుడైనా చెయ్యి అడ్డం పెట్టాడా? ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రావడం లేదు. పెట్టి ఉండడు. అడ్డం పెట్టిన చేతిని తోసేసి వడ్డించాలంటే ఆ చేతికి తగలాలి కదా. తిన్నాక తట్ట కడిగి మళ్ళీ చూరులో చెక్కిపోయేవాడు. నాకప్పుడు ఏడెనిమిదేళ్ళు. ఆ తట్టను ముట్టుకోవద్దని నాకెవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పకుండానే నేనూ ఎప్పుడూ ముట్టుకోలేదు. ఆ మనిషికీ ఈ శిష్యుడికీ చుట్టరికం ఉందో లేదో నాకు తెలియదు. అడిగే ధైర్యం చేయలేదు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు మనవాళ్ళు. వడ్డించే చెయ్యి మనిషిని బట్టి మారుతుందని, కడబంతికి గిన్నె అడుగే మిగులుతుందని ఒప్పుకునే సామెత అది. అసలు ఏ బంతిలోనూ చోటు లేనివాళ్ళ మాట అందులో లేనే లేదు. మన రాజ్యాంగం రాసినవాళ్ళకు ఆ సంగతి బాగా తెలుసు. 15వ అధికరణంలో రెండో భాగం తీసి చూడండి. కులం, మతం పేరు చెప్పి ఎవరినీ దుకాణాలు, హోటళ్ళు, జనం భోంచేసే చోట్లలోకి రాకుండా ఆపకూడదని పేరు పెట్టి మరీ రాశారు. బావులు, చెరువులు, దారులు దాని పక్కనే ఉంటాయి. 1950 జనవరి 26 నుంచి అది ఈ దేశపు శాసనం. పెద్ద పెద్ద హక్కుల మధ్య ఈ హోటలు మాట ఎందుకు వచ్చిందా అని కాలేజీలో చదివినప్పుడు అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. శాసనం హోటలు తలుపు తీయగలిగింది. ఇంటి తలుపు మాట అందులో లేదు, ఉండదు కూడా. అద్దాల హోటలును ఖాళీది అన్నానే, నాయనా ఆ శిష్యుడూ ఒకే బల్ల ముందు కూర్చుని సంగటి తినడానికి మా ఊళ్ళో ముప్పై ఏళ్ళలో దొరకని చోటు ఆ ఖాళీలోనే దొరికింది. డబ్బు కట్టి కొన్న చోటు. అక్కడికి రాలేనివాళ్ళు ఎంతమందో, అదీ తెలుసు. అయినా ఆ చోటు కొనుక్కోవలసిన అవసరం అతనికి ఎందుకు వచ్చింది?

నాయన మంచి సారు. బళ్ళో అందరినీ కలిపి కూర్చోబెట్టేవాడు. ఫీజు కట్టలేనివాళ్ళకు తనే కట్టేవాడు. ఇది కూతురు చెప్పే మాట కాదు, ఊరు చెబుతుంది. మొన్న ఆదివారం కంట్లో చుక్కలు వేస్తూ, ఆయన కళ్ళు మూసుకుని ఉన్నప్పుడు అడిగాను. "నాయనా, కాలనీలో పిల్లోళ్ళ ఇండ్లల్లో ఎప్పుడన్నా తిన్నావా?" చుక్క కంటి కొసల్లోంచి జారి చెవి దాకా వచ్చింది. "ఎవురూ పిలవలేదు మా" అన్నాడు. నేను దూదితో తుడిచాను. చాలాసేపు పలకలేదు, నిద్రపోయాడనుకున్నాను. "పిలిచే మాదిరి నేనుంటే కదా" అన్నాడు, కళ్ళు తెరవకుండానే.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. నిన్న సాయంత్రం నాయన నా ఫోన్ అడిగి తీసుకున్నాడు. నంబరు నన్నే నొక్కమన్నాడు. వరండాలో కుర్చీలో కూర్చుని, పెద్దవాళ్ళు ఫోన్లో మాట్లాడినట్టే గట్టిగా మాట్లాడుతున్నాడు. నేను లోపల బియ్యం కడుగుతున్నాను. అటువైపు మాట నాకు వినబడలేదు. నాయన మాటలే వినబడ్డాయి. "ఊరికి పోయే ముందు నిన్నొకసారి చూడాలప్పా... కన్ను బాగుంది... ఈ ఆదివారం వస్తాం, నేనూ పాపా... లేదు లేదు, హోటలు వద్దు." కొంచెంసేపు ఏమీ వినపడలేదు. కొళాయి కట్టేశాను. "ఇంటికే" అన్నాడు నాయన.